పదిన్నర

గిన్నెలు తోముతుంటే అత్తయ్య నా వెనక నిలబడి, “మా ఇంటావంటా లేదమ్మా బుర్రలో నీళ్లు” అంది.

ఆ ఇంటి బుర్రల గురించి నాకు వేరే అభిప్రాయం ఉంది కానీ, ఆ పూట బయటపెట్టలేదు. ఐదో నెల స్కానింగులో బిడ్డ మెదడులో నీళ్లుండే గది కాస్త పెద్దదిగా కనిపించిందట. పది మిల్లీమీటర్ల లోపు ఉండాల్సింది పదిన్నర వచ్చింది. ఆ మాట డాక్టరుగారు నాకు చెప్పలేదు. పొట్ట మీద జిగురు తుడుచుకుంటున్న నన్ను దాటి, తలుపు దగ్గరున్న మా ఆయనకి చెప్పారు. “ఇంకోసారి కొలిపించండి, అప్పుడే కంగారుపడకండి” అని కూడా అన్నారు. మా ఆయన ఇంటికి మోసుకొచ్చింది మాత్రం పదిన్నర ఒక్కటే.

“రోజంతా ఆ బల్ల దగ్గర నిలబడితే ఇలాగే అవుతుంది” అన్నాడు. స్కూలు యూనిఫారాలు కుట్టేచోట బట్ట కత్తిరించడం నా పని, పన్నెండేళ్లుగా. ఇంట్లో దాని పేరు కాలక్షేపం. “ఉంచుకోవాలో వద్దో ఆలోచిద్దాం, ఇంకా టైముంది” అన్నాడు, నా చేతికి ఖాళీ కాఫీ కప్పు ఇస్తూ. కప్పు కడిగి బోర్లించాను.

మర్నాడు వాళ్లిద్దరూ బయటికెళ్లాక స్కానింగు ఫిల్ము కిటికీకి ఆనించి చూశాను. మెదడు గురించి నాకేం తెలుసు? కొలతలు తెలుసు. గదికి రెండు గోడలు, కొలత ఎక్కడినుంచి ఎక్కడికో చూపిస్తూ గోడకొకటి చొప్పున రెండు ప్లస్ గుర్తులు. ఒకటి పైకి, ఇంకోటి బాగా కిందికి. టేపు ఏటవాలుగా పడితే భుజం కొలత ఎప్పుడూ ఎక్కువే వస్తుంది, కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజే నేను చెప్పేది అదే. స్కేలు తెచ్చి నేరుగా పెట్టాను. తగ్గుతోంది. ఎంతో తెలీదు, తగ్గుతోంది. వంటింట్లో ఒక్కదాన్నే పిచ్చిదానిలా నవ్వాను.

ఆ వారమే వేరేచోట రెండో స్కానింగు. అక్కడ డాక్టరమ్మ. “ఈ పాత ఫిల్ములో గుర్తులు ఏటవాలుగా పడ్డాయేమో ఒకసారి చూస్తారా?” అని అడిగాను. మా ఆయన నా మోచెయ్యి నొక్కాడు. “బట్టలు కత్తిరిస్తుంది లెండి” అన్నాడు ఆవిడతో, నా తరఫున క్షమాపణ చెబుతున్నట్టు.

డాక్టరమ్మ ఫిల్ము వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది. “మీరు సరిగ్గానే పట్టారు, ఏటవాలుగానే పడ్డాయి” అంది. నాతోనే అంది. తెర నావైపు తిప్పి, ఒక గోడ లోపలి అంచు నుంచి రెండో గోడ లోపలి అంచుకి, నేరుగా, మూడుసార్లు కొలిచింది. తొమ్మిది. తొమ్మిది పాయింట్ ఒకటి. మళ్లీ తొమ్మిది. “గది మామూలుగానే ఉంది. మిగతా మెదడు కూడా చక్కగా పెరుగుతోంది.” అప్పుడే బిడ్డ కాలు విదిలించింది, తెర మీద కనబడింది, లోపలా తగిలింది. నాకు ఈల వెయ్యాలనిపించింది. పై నెల స్కానింగుకి నేనొక్కదాన్నే వస్తానని అక్కడే రాయించాను.

మెట్లు దిగుతూ మా ఆయన ఫోనులో అరుస్తున్నాడు, “తొమ్మిదేనమ్మా! ఉంచుకుంటున్నాం!” మొహం నిజంగానే వెలిగిపోతోంది. అత్తయ్య నాతో మాట్లాడాలందని ఫోను నాకిచ్చాడు.

“అత్తయ్యా,” అన్నాను, “పదిన్నర అన్నరోజే నేను ఉంచుకున్నాను. ఈయన ఇవాళ ఒప్పుకున్నారు, అంతే.”