దిమానా ఇంట్లో వణకని చేతులు

మొగుడి చేతులు వణుకుతున్నాయని రుసానాకి పెద్ద దిగులేమీ లేదు. అరవై దాటిన మనిషి, వణికితే వణకనీ. ఆమె కడుపు మండేది మరో చోట. ఇంట్లో సూప్ సగం బల్లమీదే ఒలకబోసుకునే నైదెన్, పక్కింటి విధవరాలు దిమానా దగ్గర కాసేపు కూర్చుని వస్తే చాలు, చొక్కా గుండీలు తనే పెట్టుకునేంత నిలకడగా వస్తాడు! కట్టుకున్నదాని దగ్గర వణుకూ, పక్కింటావిడ దగ్గర నిలకడానా? ఆ మాయలాడి ఏం చేస్తోందసలు?

ఓ రోజు ఉండబట్టలేక అడిగేసింది.

"ఆవిడంటే నీకు మనసుందా?"

నైదెన్ నోరు తెరిచేలోపే అతని తల అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. వాళ్ళుండే త్రోయాన్ ప్రాంతంలో తల అడ్డంగా ఊపితే అవుననే అర్థం.

"అదిగో! ఒప్పేసుకున్నావు!"

"ఒసే, నేను ఊపలేదే! దానంతటదే ఊగుతోంది!"

"నీ తల నీ మాట వినదా? మరి ఎవరి మాట వింటుందయ్యా, దిమానా మాటా?"

ఆ రాత్రి నుంచి నైదెన్ పక్క వసారాలోకి మారింది.

తల కూడా ఊగుతోందని తెలిసి ఊళ్ళో డాక్టరు భయపడ్డాడు. మనిషిని మెల్లగా కొయ్యబార్చేసే పార్కిన్సన్స్ జబ్బేమో, పట్నం వెళ్ళి మెదడుకి అల్ట్రాసౌండ్ తీయించుకోమన్నాడు. రుసానా కూడా బయల్దేరింది. జబ్బు సంగతి తేలాలని కాదు, దిమానా సంగతి తేలాలని.

పట్నంలో డాక్టర్ మిన్చేవా నైదెన్‌ని నడిపించి చూసింది, చేతులు చాపించి చూసింది. తరవాత పడుకోబెట్టి కణతకి చల్లటి జిగురు రాసింది.

"పుర్రె ఇక్కడ పల్చగా ఉంటుందమ్మా. ఇక్కణ్ణించి లోపలికి చూస్తాం."

"లోపల ఎవరున్నారో కనిపిస్తుందా డాక్టరమ్మా?"

"మనుషులు కనపడరమ్మా," అని నవ్వింది మిన్చేవా. తెరమీద బూడిదరంగు మసకలో వేలు పెట్టి చూపించింది. "ఆ జబ్బయితే సాధారణంగా ఇక్కడ తెల్లటి మచ్చ పెద్దగా మెరుస్తుంది. ఈయనకి లేదు. నడకా చేతులూ కూడా కలిపి చూస్తే ఇది ఉత్త వణుకే. తల ఊగడం కూడా దానివల్లే." తరవాత నైదెన్ వైపు తిరిగింది. "కొంచెం సారా పుచ్చుకుంటే ఈ వణుకు తగ్గుతుందా?"

నైదెన్ పైకప్పు వంక చూశాడు. "తగ్గుతుంది."

"ఎక్కడ పుచ్చుకుంటావు?" ఇది అడిగింది రుసానా.

"దిమానా దగ్గర. చిన్న గ్లాసుడు రకియా."

రుసానాకి ప్రాణం లేచొచ్చింది. రకియానా! ఒట్టి ప్లమ్ పళ్ళ సారానా! ఇంట్లో సీసాలు గదిలో పెట్టి తాళం వేసింది తనే కదా! డాక్టరమ్మ సారా వైద్యం కాదని మందలించి మాత్రలు రాస్తుంటే, రుసానా ఆవిడ చేతులు పట్టుకుని ముద్దుపెట్టుకున్నంత పని చేసింది.

తిరుగు బస్సులో మొగుడికి వేడివేడి బానిత్సా రొట్టె తుంచి నోటికందించింది.

"మాత్రలున్నాయిగా. ఇంక నువ్వా గడప తొక్కక్కర్లేదు."

నైదెన్ కిటికీ వైపు తిరిగాడు.

"ఏం, నోట్లో ముద్ద ఉందా?"

"రకియా ఒక్కటే కాదే."

రుసానా బానిత్సా తుంచడం ఆపింది.

"నేను గ్లాసు ఎత్తేటప్పుడు దిమానా నా వంక చూడదు. అటు తిరిగి మిరపకాయలు కాల్చుకుంటుంది. ఒలికినా తిరగదు. నువ్వు చూస్తావే. నువ్వు చూసినకొద్దీ ఎక్కువవుతుంది."

ఇంతకంటే ఆవిడ మీద మనసుపడ్డానని చెప్పినా బాగుండేది. వెళ్ళి దిమానా జుట్టు పట్టుకుని నాలుగు వాయించి వచ్చేది. చూడకుండా ఊరుకున్నందుకు ఏమని పోట్లాడుతుంది? పెళ్ళయిన నాటినుంచి ఈ మనిషి మీంచి చూపు తిప్పకుండా కాపలా కాసింది. అదే ఇప్పుడు తప్పయిందా!

రాత్రి చిక్కుడుగింజల సూప్ అతని ముందు పెట్టి, పొయ్యి వైపు తిరిగి కూర్చుని ఉల్లిపాయలు ఒలవసాగింది. వెనక గిన్నె అంచుకి చెంచా టకటకా కొట్టుకుంటోంది. మెడ దానంతటదే అటు లాగుతోంది. ఈ పని ఆ దిమానా ఇన్నాళ్ళూ ఎంత సుళువుగా చేసిందో తలుచుకుంటే ఒళ్ళు భగ్గుమంది.

చాలాసేపటికి చప్పుడు ఆగింది.

"అయిపోయిందే," అన్నాడు నైదెన్.

"ఇంకొంచెం వేసుకో," అంది రుసానా, తిరక్కుండానే.