సేవ్ చేయని జవాబులు

ఫ్లోరెన్స్ అక్కకి మాట పడిపోయి నలభై రోజులైంది. కుడి చెయ్యి కూడా లేవదు. దమ్మపేట చర్చిలో పాట ఎత్తుకునే మనిషి, ఇప్పుడు మంచం మీద కూర్చుని మా నోళ్లవైపు చూస్తుండేది. ఆ చూపు వెనక అర్థం చేసుకుంటున్న మనిషి ఉందో లేదో ఎవరమూ చెప్పలేకపోయాం.

సోమవారం ఖమ్మంలో స్పీచ్ థెరపీ మేడంని కలవాలి. అడిగింది అర్థమయ్యే స్థితి ఉంటేనే ఇప్పుడు మొదలుపెడతానని, లేకపోతే ఆర్నెల్ల తర్వాత తీసుకురమ్మని ఆమె ఫోన్‌లో చెప్పింది. అందుకే ఆదివారం మధ్యాహ్నం నేను భద్రాచలం నుంచి లాప్‌టాప్ పట్టుకుని వచ్చాను. నాది డేటా ఎంట్రీ పని. వీడియోలు చూసి ప్రోగ్రాంలు రాసే పైథాన్ భాష కొంచెం నేర్చుకున్నాను. తెర పై భాగంలో ఉండే ఎడిటర్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. నడిపిన ప్రతిసారీ తెర కింది భాగంలో ఒక ప్రశ్న వస్తుంది. అవునంటే ఒకటి, కాదంటే రెండు నొక్కి ఎంటర్ కొట్టాలి. ప్రశ్న వస్తుందో లేదో ఇంట్లోనే చూసుకున్నాను. జవాబు చేరుతుందో లేదో చూడాలని తోచలేదు.

“అక్కా, చదువు. నీ పేరు ఫ్లోరెన్సా?”

ఎడమ చెయ్యి మెల్లగా కదిలింది. ఏదో నొక్కింది. ప్రశ్న పక్కన ఏమీ రాలేదు.

“ఏం నొక్కింది?” అన్నాడు స్తెఫను బావ. బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్ ఆయన. నలభై రోజులుగా సెలవులో ఉన్నాడు.

“ఏమో బావా. రాలే.”

ఆపి మళ్లీ నడిపాను. రెండో ప్రశ్నకీ అంతే.

“ఏంది బామ్మర్దీ, నీ మిషన్‌కు గూడ మా ఆమె లెక్కనే నోరు పడ్డదా?” అని నవ్వాడు. నవ్వింది ఆయనొక్కడే.

మూడోసారి అక్క ఆగకుండా నొక్కుతూ పోయింది, చిన్నపిల్ల తలుపు తట్టినట్టు. ఏమీ రాలేదు. లాప్‌టాప్‌ని పక్కకి నెట్టి గోడవైపు తిరిగి పడుకుంది.

బావ ఆమె పక్కనే నిలబడి ఫోన్ తీశాడు. “చందర్, రేపు ఆటో వద్దులే. ఈమెకేం తెలుస్తలేదు.”

నేను ఎడిటర్ మూయబోయాను. మార్పులు సేవ్ చేయాలా అని అడిగింది. ‘వద్దు’ మీదికి వేలు పోయింది, ఆగింది. పొద్దుటి నుంచి నేను ఒక్క అక్షరం మార్చలేదు.

తెర పై భాగంలో, ప్రోగ్రాం చివరి లైను కింద అంకెలు ఉన్నాయి. ఒకటి. దాని కింద రెండు. దాని కింద ఐదు ఒకట్లు.

ప్రశ్న కనిపించే కింది పెట్టె చూపించడానికే, అది జవాబు తీసుకోదు. కర్సర్ ఇంకా పైనే ఉండిపోయింది. అక్క నొక్కిందంతా అక్కడికే చేరింది. మేము ఎదురుచూసిన చోట తప్ప ఇంకెక్కడా చూడలేదు.

కింది పెట్టెలో ప్రశ్నలు వరసగా అలాగే ఉన్నాయి. నీ పేరు ఫ్లోరెన్సా? ఒకటి. మన ఇల్లు ఖమ్మంలోనా? రెండు. రేపు ఖమ్మం పోదామా? ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి.

“బావా, గిటు రా.”

ఆయన వంగి చదివాడు.

జవాబు కూడా తీసుకునే టెర్మినల్ అనే పెట్టెలో ప్రోగ్రాం నడిచేలా సెట్టింగ్ మార్చాను. ఈసారి ముందు నా వేలితో నొక్కి చూశాను. నేను నొక్కిన రెండు అంకె ప్రశ్న పక్కనే పడింది.

“అక్కా, నీ జవాబులు దొరికినయ్. మూడూ కరెక్టే. తప్పు నాది.”

అక్క భుజం కదల్లేదు. ఈ నలభై రోజుల్లో ఆమె పక్కన నిలబడి మేము ఏమేం మాట్లాడుకున్నామో ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. ఆపుదామన్నా ఆగడం లేదు.

బావ మంచం అంచున కూర్చున్నాడు. “చందర్... అవ్, నేనే. రేపు ఆరింటికి రా.” “లేదు, తెలుస్తది. ఆమెకు అన్నీ తెలుస్తయ్.”

ఆ మాటకి ఇటు తిరిగింది అక్క. ముందు ఆయన్ని చూసింది. తర్వాత ఎడమ చెయ్యి చాపి లాప్‌టాప్‌ని దగ్గరికి లాక్కుంది. మొదటి నుంచి నడిపాను, మళ్లీ పేరు ప్రశ్నే వచ్చింది. పాటలో శ్రుతి తప్పిన వాళ్లని చూసే చూపు నామీద వేసి, ఒకటి నొక్కింది. అంకె పడింది.

ఎంటర్ నేను కొట్టబోయాను. నా చెయ్యి తోసేసింది.