డ్యూటీ దిగని ఇద్దరు

బస్సు నీళ్ళలో పోతోంది, అది నాకేమీ వింతగా లేదు, సాలూరు ఘాటు దిగాక రోడ్డు ఎప్పుడూ ఇలాగే ఏరైపోతుందన్నట్టు నేను భుజాన సంచి వేసుకుని, టిక్కెట్ల మిషను పట్టుకుని సీట్ల మధ్య నడుస్తున్నాను, ప్రయాణికులందరూ ఒళ్ళో ఖాళీ చెంబులు పెట్టుకుని కిటికీల్లోంచి బయటికి చూస్తున్నారు, ఎక్కడికి వెళ్ళాలో ఎంత అడిగినా ఒక్కరూ నోరు విప్పరు. విజిల్ వేద్దామని నోట్లో పెట్టుకుంటే గాలే రావడం లేదు. నాలుక అంగిటికి అతుక్కుపోయింది.

వెనక సీట్లో వరహాలప్ప కూర్చుని ఉంది.

మా డిపోలో మొదట్లో చేరిన ఆడ కండక్టర్లలో ఆవిడ ఒకర్తె. నాకు పని నేర్పింది ఆవిడే. కిందటి వానాకాలంలో, రెండు కిడ్నీలూ చెడిపోయి పోయింది. ఆ సంగతి నాకు కలలోనూ తెలుసు, అయినా చనిపోయిన మనిషి బస్సెక్కితే పాసు చూపించమనాలా, టిక్కెట్టు కొట్టాలా అన్న సందేహంలో నేను నిలబడిపోయి ఉంటే, ఆవిడే నన్ను ఎగాదిగా చూస్తోంది.

"ఒలే నీలేణీ, డ్యూటీ ఎక్కీసినావేటి? నీకివాళ స్కానింగు గదా?"

"నీకెవులు సెప్పినారప్పా?"

"సచ్చినోల్లకి మల్లీ ఎవులో సెప్పాలేటి?" అని నవ్వుతుంది. చివరి రోజుల్లో ఉబ్బిపోయి మెట్టెలు కోయించుకోవలసి వచ్చిన ఆ కాళ్ళు ఇప్పుడు సన్నగా, ఆడపిల్ల కాళ్ళలా ఉన్నాయి. మెట్టెలు కూడా ఉన్నాయి.

నేను పక్కన కూలబడతాను. ఇంట్లో ఎవరికీ చెప్పనివన్నీ గడగడా చెప్పేస్తాను, నడుముకి ఎడం పక్కన పోటు, పొద్దున లేచేసరికి కళ్ళ కింద వాపు, సాయంత్రమయ్యేసరికి చెప్పుల్లో పట్టని పాదాలు, ఎండాకాలంలో డాక్టరు స్కానింగు రాస్తే ఇవాళ రేపని చలికాలం దాకా తోసుకొచ్చిన సంగతి, అన్నీ. "సూసి ఏదో ఉందంటారప్పా. లాంగు రూటు తీసీసి ఆఫీసులో కూకోబెడతారు. ఆనక నీలాగే ఆ రగతం కడిగే మిషనుకాడ పడుకోబెడతారు. భయమేస్తంది. పిలిసేలోగా లేసెల్లిపోదారనుకుంటన్నాను."

అప్ప రైకలోంచి ఒక ఎండు ఉసిరి ముక్క తీసి, చూసి, కిటికీలోంచి బయటికి విసిరేస్తుంది.

ఆ ముక్క నాకు బాగా తెలుసు. నా మొదటి డ్యూటీ రోజున అదే నా అరచేతిలో పెట్టింది. "పెదాలు తడుపుకో, గొంతు తడపకు. ఈ ముక్క బుగ్గనెట్టుకో, ఊరతాది. మజ్జిగ ఒద్దు, టీ ఒద్దు, పుచ్చకాయ ముక్క ఎవులిచ్చినా ఒద్దు. ఒరిస్సా జైపూరెల్లి తిరిగొచ్చినా దిగక్కర్లేదు" అంది. మగవాళ్ళు బస్సు ఏ తుప్ప పక్కన ఆగినా దిగి వస్తారు, మాకు అలా కుదరదు, అందుకని మేము నీళ్ళు మానడం ఒక పనితనంగా నేర్చుకున్నాం. ఎవరు ఎంతసేపు ఉండగలరో డిపోలో గొప్పగా చెప్పుకునేవాళ్ళం. అందులో అప్పని కొట్టినవాళ్ళు లేరు, ఆవిడ తరవాత నేనే.

అప్ప నా విజిల్ తీసుకుని గట్టిగా వేస్తుంది. బస్సు ఆగుతుంది.

"దిగు. స్టేజీ వచ్చింది."

"ఇది ఏ స్టేజప్పా?"

"నీదే."

దిగితే మోకాళ్ళ లోతు నీళ్ళు, గోరువెచ్చగా, కాస్త ఎర్రగా ఉన్నాయి, బస్సు లేదు, రోడ్డు లేదు, చీకటీ కాదు వెలుతురూ కాదు, కళ్ళు మూసుకుని ఎండకేసి చూస్తే కనబడే రంగు చుట్టూ నిండి ఉంది, గోడలున్నాయి గాని అవి మెల్లగా ముందుకొచ్చి మెల్లగా వెనక్కి పోతున్నాయి, పైన ఎక్కడో ఎవరో రోకలితో దంచుతున్నట్టు ఆగకుండా చప్పుడు.

"ఆ దంచేది ఎవులప్పా?"

"ఆవిడ జోలికెల్లకు. ఆవిడ కత మరోపాలి సెప్తాను. ఇటు సూడు."

చూస్తాను. ఇద్దరు ఆడవాళ్ళు వీపు వీపుకి ఆనించినట్టు అటొకరు ఇటొకరు కూర్చుని ఉన్నారు, ఒక్కొక్కరి చేతిలో ఒక జల్లెడ, పైనుంచి ఎర్రటి ధార జల్లెడలో పడుతోంది, వాళ్ళు ఆడిస్తున్నారు, పడుతోంది, ఆడిస్తున్నారు, మంచిదంతా వెనక్కి పైకి పోతోంది, పనికిరానిది సన్నటి పసుపుపచ్చ తాడులా కిందికి జారిపోతోంది, ఆ చేతులకి తొందర లేదు, ఆగడమూ లేదు. వాళ్ళు తలెత్తరు. మాట్లాడుకోరు. ఆ ముఖాలు నేను ఎక్కడో చూసినవే, అమ్మమ్మ ముఖంలానూ ఉన్నాయి, అద్దంలో నా ముఖంలానూ ఉన్నాయి.

"ఎవులప్పా వీల్లు?"

"నీవోల్లే. నువ్వు మీయమ్మ కడుపులో ఉన్నప్పుడే డ్యూటీ ఎక్కినారు. అప్పుట్నుంచి దిగనేదు."

"రిలీవర్లు?"

"ఎవులూ రారు."

"మరి వీక్లీ ఆఫో?"

"నువ్వు తొంగున్నా ఆల్లు తొంగోరు. నీ పెల్లినాడు ఇదే పని, నీకు పురుడొచ్చిననాడు ఇదే పని."

వారపు సెలవు ఒక్కటి కోసేస్తే డిపో మేనేజరు గది అద్దాలు అదిరేలా అరిచి వచ్చే మనిషిని నేను. ఇంతకాలం నాలోపలే, నాకే తెలియకుండా, ఒక్కమారు కూడా నన్ను పేరు పెట్టి పిలవకుండా, ఇద్దరు మనుషులు ఇంత పని చేస్తున్నారా? గుళ్ళో చేతులు జోడిస్తే మనసు చిల్లర లెక్కల మీదికి పోయే నాకు ఇక్కడ చేతులు వాటంతటవే కలుస్తున్నాయి, ఏడుపొస్తోంది, ఆ ఏడుపు దుఃఖమని కూడా చెప్పలేను.

"ఆల్లకేటి పెట్టాలప్పా?"

"ఏటీ అడగరు. నీల్లే. అయ్యీ నువ్వు ఇయ్యనేదు."

అప్పుడు చూశాను. ఎడం పక్క కూర్చున్నామె జల్లెడ నిండా ఇసుక పేరుకుపోయి ఉంది, ధార దిగడం లేదు, వేళ్ళు వాచిపోయాయి, మోచేతులతో ఆనించి ఆడిస్తోంది. కుడి పక్కనామె తన పని తాను చేస్తూనే ఒక చెయ్యి వెనక్కి చాచి ఆ రెండో జల్లెడకి కూడా సాయం పడుతోంది. ఇద్దరిలో ఎవరూ ఆపలేదు. "అమ్మా" అని పిలుస్తాను. వినబడదు. వంగి ఆ పాదాలు అందుకోబోతే నీళ్ళు తప్ప ఏమీ చేతికి రావు.

"నీవోల్లెక్కడప్పా?"

అప్ప పక్కకి జరుగుతుంది. ఆవిడ వెనక నేల పొడిగా ఉంది. బోర్లించిన రెండు జల్లెడలు గోడకి ఆనించి ఉన్నాయి.

"ముందొకావిడ సెయ్యి ఆగిపోనాది. రెండో ఆవిడ ఇద్దరి పనీ సేసినాది, సానా కాలం. నాకు తెలీనేదే. నాను జైపూరెల్లొచ్చినా దిగనేదని అందరికీ సెప్పుకుని తిరిగినాను." ఆ మాట ఏడుస్తూ అనలేదు. తన పిల్లల గొప్ప చెప్పుకుంటున్నట్టు, "ఎంతటోల్లే ఆల్లు" అంది.

ఇంతకాలం దాచుకున్నది అప్పుడు చెప్పేశాను. "అప్పా, ఆసుపత్రిలో నువ్వు అన్నిసార్లు నీల్లడిగినావు. డాక్టరు ఇయ్యొద్దన్నాడని నానియ్యనేదు. ఆరోజు కాడ్నుంచి గ్లాసు ముట్టుకుంటే నాకు గొంతు దిగదు."

ఆ రోజు ఆవిడ నోట్లో గొట్టం ఉంది, మాట లేదు. పిడికిలి మూసి, బొటనవేలు పెదాలకేసి వంచి, మళ్ళీ వంచి, మళ్ళీ వంచి, నా కళ్ళలోకే చూస్తూ ఉండిపోయింది. తాగిన నీళ్ళు ఒంట్లోంచి బయటికి పోయే దారి లేదని డాక్టరు ఇవ్వొద్దన్నాడు. నేను ఏడుస్తూ దూది తడిపి ఆవిడ పెదాలకి అద్దాను.

వరహాలప్ప నన్ను చూసి పకపకా నవ్వుతోంది. "ఎర్రిదానా! నాకేటికే ఇంక నీల్లు? నానడగనేదు. నీకే సెప్పినాను. ఒద్దని నేర్పిన నోరు నాదే గదా, ఆ మాట ఎనక్కి తీసుకుందారంటే నోరు నేకపోయింది. తాగే, తాగే అని సెయ్యాడించినాను. నువ్వేటి సేసినావు? దూది తడిపి నాకెట్టినావు!"

"నాకా అప్పా?"

"మరెవులికే? నీకే."

మళ్ళీ పిడికిలి మూసి, బొటనవేలు పెదాలకేసి వంచుతుంది. నీళ్ళు నా నడుము దాకా వచ్చాయి, రోకలి చప్పుడు దగ్గరైపోతోంది, అప్ప ముఖం ఆ వెలుతురులో కరిగిపోతోంది, నవ్వు పోయింది, మెట్టెలు పోయాయి, చెయ్యి ఒక్కటే ఉంది, ఆ వేలు వంగుతోంది, మళ్ళీ వంగుతోంది.

గాజు తలుపు అవతల ఒక చెయ్యి. పిడికిలి మూసి బొటనవేలు పెదాలకేసి వంచుతూ, మాస్కు కట్టుకున్న ఒక అమ్మాయి కనుబొమలెగరేసి నన్నే అడుగుతోంది, తాగారా అని. స్కానింగు సెంటరు బెంచీ మీద కునుకు తీశాను, పక్కావిడ భుజం నాకు దిండయింది, హాలు నిండా జనం, ఒళ్ళో నీళ్ళ సీసా. పొద్దున వచ్చినప్పుడు సీసా మొత్తం తాగి కూర్చోమన్నారు. చూస్తే సీసా నిండుగానే ఉంది. అలవాటు కొద్దీ పెదాలు తడుపుకుని ఊరుకున్నాను.

నేను తలుపు వైపు చూసి తల అడ్డంగా ఊపాను. ఆ పిల్ల విసుక్కుని, మళ్ళీ వేలు వంచి చూపించి లోపలికి వెళ్ళిపోయింది.

మూత తీశాను. గుటక గుటకకీ గొంతు చప్పుడవుతుంటే పక్కావిడ తిరిగి చూసింది, చూడనీ. సగానికి వచ్చేసరికి కళ్ళ నీళ్ళు కూడా వచ్చాయి, ఆగి తుడుచుకుని మిగతాది కూడా తాగేశాను. ఖాళీ సీసా కింద పెట్టి, రెండు చేతులూ వెనక్కి పోనిచ్చి, నడుముకి రెండు పక్కలా చీర మీంచే అరచేతులు ఆనించి కూర్చున్నాను. పేరు పిలిచేదాకా తియ్యలేదు.