సిరా కనబడే పెన్ను

తప్పు నాది. అది ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం సులువు.

నకిరేకల్‌లో మా ఇంటికి రెండిళ్ల అవతల సావిత్రమ్మ టీచరుంటుంది. నాకు అయిదో తరగతి చెప్పింది. రిటైరయ్యాక కంటి నరం దెబ్బతిని సన్నగీతలు కనబడకుండా పోయాయి. మనిషి ఆకారం, రంగుల తేడా తెలుస్తాయి, అంతే. అయినా కాగితం మీద అట్టముక్క అడ్డం పెట్టుకుని, చేతి అలవాటు మీద, కొల్లాపూర్‌లో ఉన్న స్నేహితురాలు అండాలమ్మకు నెలకు రెండు ఉత్తరాలు రాసేది. ఫోను చేయొచ్చు కదా అంటే, "ఫోన్ల అయితే ఇంటోళ్లందరు ఇంటరు హనీఫా. ఉత్తరం అది ఒక్కతే చదువుతది" అనేది.

చిక్కల్లా సిరాతోనే. పెన్నులో ఎప్పుడు అయిపోయిందో ఆమెకు తెలిసేది కాదు. ఒకసారి రెండు పేజీలు ఉత్త పాళీతో రాసింది. అప్పటినుంచి నన్ను పిలిచి, "జర చూడు బిడ్డా, అచ్చరాలు పడుతున్నయా?" అని అడిగేది. పడ్డాయో లేదో చూసి ఊరుకోవచ్చు కదా! నేను చదివేదాన్ని. ఒకరోజు తన కోడలు సుచరిత పెట్టే పప్పుచారు గురించి ఆమె రాసిన మాటకు పక్కున నవ్వాను. టీచరమ్మ ముఖం చిన్నబోయింది. కాగితం మడిచి పక్కన పెట్టేసింది. రెండు నెలలైంది, మళ్లీ ఒక్క ఉత్తరం రాయలేదు. నా నోటిని నేనే తిట్టుకున్నాను.

మా ఆయన వహీద్‌ది తిప్పి చెక్కే ఖరాదు మిషను పని. ఒకప్పుడు మంచం కోళ్లు తిప్పేవాడు, ఇప్పుడు ఎబొనైట్ అనే నల్లటి గట్టి రబ్బరుతో పెన్నులు చేస్తాడు. లోపలి సిరా కనబడేలా అద్దంలాంటి పెన్ను ఒకటి టీచరమ్మకు చేయమని ఆయన ప్రాణం తీశాను. ఆ పోరు పడలేక హైదరాబాద్ నుంచి మూడు యాక్రిలిక్ కడ్డీలు తెచ్చాడు, ఒక్కోటి బొటనవేలంత లావు.

"ముప్పై ఏండ్ల సంది ఖరాదు మీదున్న. గీ ప్లాస్టిక్ ముక్క నాకో లెక్కనా?" అన్నాడు.

లెక్కే అయింది. మొదటి కడ్డీ సగం బొక్క పడగానే టప్పున పగిలింది. రెండోది పగల్లేదు గానీ లోపల పొడుగునా వెంట్రుకల్లాంటి చీలికలు. సిరా పోస్తే వాటిలోకి పాకింది. దుకాణంలో అడిగితే కొత్త కడ్డీలు ఎప్పుడొస్తాయో చెప్పలేమన్నారు. ఇక మిగిలింది ఒక్కటే.

ఆయనకో పట్టుదల ఉంది. బొక్క వేసే బిట్టు ఒకసారి కడ్డీ లోపలికి దిగాక బొక్క పూర్తయ్యేదాకా బయటికి తీయకూడదు, తీస్తే వంకర పోతుందని మోత్కూర్‌లో పని నేర్పిన ఉస్తాదు చెప్పాడట. ఆ ఉస్తాదు మాట మీద నేను నోరెత్తితే ఆ పూట ఇంట్లో యుద్ధమే.

మూడో కడ్డీ బిగించిన రోజు నేను పక్కనే నిలబడ్డాను. పొమ్మన్నాడు, పోలేదు. బిట్టు రెండు వేలి కణుపుల లోతు పోయిందో లేదో సాయంత్రం అసర్ నమాజు అజాన్ వినబడింది. అజాన్ వినబడితే మిషను ఆపడం ఆయనకు పెళ్లికి ముందునుంచీ అలవాటు. ఆపాడు. వేడి మీద లోపలే వదిలేస్తే కరుచుకుపోతుందని, మొహం ముడుచుకుని బిట్టు బయటికి తీశాడు. దాని నిండా కరిగిన తెల్లటి పీచు.

"ఇది గూడ పాయె" అని నమాజుకు వెళ్లిపోయాడు.

కడ్డీని ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. ఆయన తిరిగొచ్చేసరికి చల్లబడింది. వెలుతురులో పెట్టి చూస్తే ఒక్క చీలిక లేదు.

"వేడికే పగులుతాంది గిది. మళ్ల పెట్టు, జరంత పోనిచ్చి బయటికి తియ్యి" అన్నాను.

"ఉస్తాదు ఏం చెప్పిండంటే..."

"ఉస్తాదు గీ కడ్డీని చూసిండా? అజాన్ అయితే తీసినవు గద, వంకర పోయిందా?"

ఆయన నన్ను చూశాడు, కడ్డీని చూశాడు. బిట్టు తుడిచి, మిషను వేగం తగ్గించాడు. గోరంత లోపలికి, మళ్లీ బయటికి. బయటికొచ్చినప్పుడల్లా నేను సబ్బునీళ్లు చుక్కలు చుక్కలుగా వేశాను. ఆయన పీచు దులిపి, చల్లారేదాకా ఆగాడు. ఎబొనైట్‌కు అయిదు నిమిషాల పని దీనికి గంటన్నర పట్టింది. చీటికీ మాటికీ విసుక్కునే మనిషి ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆఖరికి బొక్క లోపలంతా నునుపు పెట్టి కిటికీ దగ్గర పట్టుకుంటే అవతలి వీధి కనబడింది.

"నోరు మూసుకున్నప్పుడు నీ దిమాక్ మంచిగనే పనిచేస్తది" అన్నాడు. దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టుకున్నాను.

పాళీ, మూత అమర్చాక, నీలం సిరా నింపి టీచరమ్మ చేతికిచ్చాను. ఆమె గుమ్మం వెలుతురుకెత్తి పట్టుకుంది. అటు వంచింది, ఇటు వంచింది.

"నిండుగున్నది. నాకు కనబడుతాంది హనీఫా!" అంది.

వెంటనే అట్టముక్క, కాగితం తీసుకుని కూర్చుంది. నాలుగు వరుసలు రాసి పెన్ను వెలుతురుకెత్తి చూసుకుంది. మళ్లీ రాసింది. నేనూ అలవాటు కొద్దీ వెనక నిలబడి, "మంచిగ పడుతున్నయి టీచరమ్మా" అంటూ వంగాను.

ఆమె ఎడమచెయ్యి కాగితం మీద బోర్లించింది.

"పడుతున్నయని నాకెరుకే. నువ్వింటికి పో బిడ్డా."

చెప్పులేసుకుని బయటికొచ్చాను. ఏం రాస్తోందో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుపోయింది, అబద్ధమెందుకు. కానీ ఒకరు పొమ్మంటే నాకింత సంతోషం ఎప్పుడూ కలగలేదు.