స్విచ్చి ఆపాక విన్న మాట

నన్ను చూడగానే ఎవరైనా ముందు నెత్తిమీద రెండు తడతారు, తర్వాత ఉఫ్‌మని ఊదుతారు. ఆ మర్యాదలకు ఏనాడో అలవాటు పడిపోయాను. నేను ఒక మైకును. తోకలా తీగ వేలాడే పాతకాలపు మైకును. ఢిల్లీలో ఏదో ఇరుకు గదిలో నా తలకు జాలీ బిగించి, అట్టపెట్టెలో కుక్కి, రైలెక్కించారు. అనకాపల్లిలో షామియానాలు, మైకుసెట్లు అద్దెకిచ్చే కొట్లో ఆ పెట్టె విప్పారు. అప్పటినుంచీ నా బాగోగులన్నీ ఆపరేటరు సింహాద్రివే. నా గొంతు బొంగురుపోతే జాలీ విప్పి పాత బ్రష్షుతో తోముతాడు. ఇంకెవరైనా ముట్టుకుంటే కస్సుమంటాడు.

పెళ్లిళ్లలో భోజనాలకు లేవమని పిలిచాను. ఓట్ల సభల్లో నామీద పడిన తుంపర్లు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. సంతాప సభలైతే నాకు భలే సరదా. బతికుండగా పలకరించనివాళ్లు కూడా పోయినాయన్ను ఆకాశానికెత్తేసేవారు. ఇవన్నీ విని విని మనుషులు నాకు బాగా అర్థమయ్యారనుకున్నాను. నా మొహం అర్థమయ్యారు! ఆ కథల బడికి వెళ్లాక గానీ నా సంగతి నాకు తెలిసిరాలేదు.

భీమిలి దగ్గర, సెలవులకు ఖాళీ అయిన ఓ హాస్టల్లో పెట్టారు దాన్ని. కథలు రాయడం నేర్చుకోవాలనుకునేవాళ్లు అక్కడే తిని, అక్కడే పడుకుని, పొద్దస్తమానం కథల గురించే మాట్లాడుకోవాలట. పట్టుమని ముప్ఫైమంది కూడా లేరు. గట్టిగా దగ్గితే చివరి బెంచీకి వినబడే హాలు. దానికి నేనెందుకు? మనవాళ్లకు మైకు లేకపోతే మీటింగులా అనిపించదు, అంతే.

"ఏటిది సింహాద్రీ, పెళ్లా?" అని హాస్టల్ వంటాయన అడిగాడు.

"పెళ్లి కాదు, సావూ కాదు. ఏటో మరి," అన్నాడు సింహాద్రి, నన్ను స్టాండుకు బిగిస్తూ.

మొదటి పూటే దివాకర్ గారని ఓ బ్యాంకు ఆఫీసరు నన్ను అందుకున్నాడు. చీమకైనా హాని తలపెట్టేలా లేడు. "ఆ ముసలాయన్ని రెండో పేజీలోనే చంపేసి ఉండాల్సిందండీ," అన్నాడు తాపీగా. అందరూ నిజమేనని తలలూపారు. కళ్లజోడు పెట్టుకున్న ఓ లెక్చరరమ్మ, "అసలు ఆయనెందుకండీ, తీసిపారేయండి," అంది. ఇదేదో హత్యకు పన్నాగమనుకున్నాను. ఆ ముసలాయన కాగితం మీద మాత్రమే ఉన్నాడని తెలిసేసరికి పూటంతా పట్టింది. తెలిశాక అయోమయం ఇంకా పెరిగింది. లేని మనిషి కోసం ఉన్నవాళ్లు ఇంతలా కొట్టుకోవడం నేనెక్కడా చూడలేదు.

ఎవరెందుకొచ్చారో చెప్పమన్నప్పుడు నేను నూకరత్నం చేతికొచ్చాను. చోడవరంలో జిరాక్సు షాపు నడుపుకునే మనిషి. నలభై దాటి ఉంటాయి. జారిపోతానేమోనన్నట్టు రెండు చేతులతో పట్టుకుంది నన్ను.

"ఒక కథ రాసేనండి. అందులో ఆవిడ ఎందుకు నోరు మెదపదో నాకే తెలవట్లేదండి. కథలు తెలిసినోళ్లు మీరు చెప్తారేమోనని షాపు మూసేసొచ్చేనండి."

పాఠాలు చెప్పే సాంబమూర్తి గారు హాయిగా నవ్వేశారు. "రాసిన మీకే తెలియకపోతే మాకేం తెలుస్తుందమ్మా!" అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ, నా మీద పట్టు మాత్రం సడలలేదు.

కథ చిన్నదే. ఒకామె మొగుడు చెప్పాపెట్టకుండా ఇల్లొదిలి పోతాడు. ఏళ్ల తర్వాత ఓ మధ్యాహ్నం తిరిగొచ్చి గుమ్మంలో నిలబడతాడు. ఆమె పీట వేస్తుంది. అన్నం, వంకాయ కూర వడ్డిస్తుంది. ఒక్క మాట అడగదు. అతను తింటాడు. ఆమె కంచం తీస్తుంది. అయిపోయింది.

అక్కడో వింత నియమం ఉంది. కథ చదివాక రాసినవాళ్లు నోరెత్తకూడదు. మిగతావాళ్లు దాన్ని చీల్చి చెండాడుతుంటే కూర్చుని వినాలి. మనుషుల చేత మాట్లాడించడమే నా పని కదా, ఈ నియమం నాకు మింగుడుపడలేదు. ఆమె నోరు మూసుకుని కూర్చుంటే నేను అందరి చేతులూ తిరిగాను.

"చెంప పగలగొట్టాలి కదండీ!" అంది లెక్చరరమ్మ. "క్షమించినట్టు ఒక్క వాక్యమైనా పడాలి," అన్నాడు దివాకర్. అన్నంలో ఏదో కలిపిందన్న అనుమానం రేపమని ఒకరు. వంకాయ కూర దేనికి సంకేతమో తేల్చమని ఇంకొకరు. దాని మీదే చాలాసేపు వాదించుకున్నారు. అది ఉత్త వంకాయ కూరేనని చెప్పడానికి పాపం ఆమెకు నోరు లేదాయె.

మర్నాడు చెంపదెబ్బతో రాసుకొచ్చింది. "మరీ సినిమాలా ఉందమ్మా," అన్నారు. ఆ తర్వాత క్షమించి, కళ్లనీళ్లు పెట్టించి చదివింది. "పాతకాలం వాసనొస్తోంది," అన్నారు. మొగుడి మొహం మీద తలుపు వేయించింది. "బాగుంది గానీ, ఆవిడ ఆ పని చెయ్యదు," అన్నారు. మరేం చేస్తుందని అడగబోయింది. సాంబమూర్తి గారు పెదవుల మీద వేలు పెట్టి నియమం గుర్తుచేశారు. ఆ పూట టిఫినుకు కూడా వెళ్లకుండా హాల్లోనే కిటికీ దగ్గర కూర్చుండిపోయింది. సింహాద్రి ఇడ్లీ ప్లేటు తెచ్చి పక్కన పెట్టాడు.

"తినమ్మా. కథకేటి, రేపైనా అవుద్ది," అన్నాడు.

చివరి రోజు మళ్లీ నా ముందుకొచ్చింది. మొదటి వాక్యం వినగానే గుర్తుపట్టేశాను. అది మొదటిరోజు కథే! అదే పీట, అదే వంకాయ కూర, అదే కంచం. అక్షరం అటూ ఇటూ జరగలేదు. వినడం ఒక్కటే కదా నాకు తెలిసిన విద్య, నేను పొరబడను. ఇప్పుడీమెను ఏం చేస్తారో దేవుడా అనుకున్నాను.

చివరి వాక్యం చదివి కాగితాలు మడిచింది. తర్వాత చప్పట్లే చప్పట్లు. లెక్చరరమ్మ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. సాంబమూర్తి గారు లేచి నిలబడ్డారు. "చూశారా! చెక్కగా చెక్కగా ఇప్పుడైంది కథ. మొదటిరోజు ఈ లోతు ఎక్కడుంది?" అన్నారు.

నా చెవులు పాడయ్యాయా, వాళ్లవా? పోనీ, ఇన్నాళ్లూ కథలోని ఆవిడతో పోట్లాడి పోట్లాడి వాళ్లకే ఆ మనిషి అలవాటైందా? నాకేమీ తోచలేదు. "ఇప్పుడు మాట్లాడమ్మా, నియమం లేదు," అన్నారాయన. నూకరత్నం "థాంక్సండి" అని నన్ను పక్కవాళ్ల చేతికిచ్చేసింది.

అందరూ ఫొటోకని వరండాలోకి వెళ్లారు. సింహాద్రి నన్ను ఆపేసి తీగ చుడుతున్నాడు. ఆమె ఒక్కతీ వెనక్కి వచ్చి, అందరిలాగే నా నెత్తిమీద తట్టింది.

"ఆపీసినానమ్మా. పలకదు," అన్నాడతను.

"తెలుసు," అని నన్ను మొహం దగ్గరకు తీసుకుంది. "ఒక్క ముక్క మార్చలేదు. మొదట్లో చదివిందే చదివేను. ఆవిడ మా అమ్మ. వచ్చినాయన మా నాన్న. నేను తలుపు పక్కనే నించున్నాను, నాకు పదేళ్లు. అమ్మ ఎందుకు ఊరుకుందో బతికుండగా అడగలేకపోయేను. కథలు తెలిసినోళ్లు చెప్తారేమో అనుకున్నాను."

సింహాద్రి చేతిలో తీగ ఆగిపోయింది.

"మరేటి సెప్పినారమ్మా ఆళ్లు?"

"బాగుందన్నారు," అంది.

వరండాలోంచి ఎవరో ఆమెను పేరుపెట్టి కేకేశారు. నన్ను మెల్లగా పెట్టెలో పెట్టి వెళ్లిపోయింది.

ఇప్పుడు తీగల్లేని మైకులొచ్చాయి. నేను కొట్లో అటక మీద, నోరు పడిపోయిన స్పీకర్ల మధ్య ఉన్నాను. సింహాద్రి అప్పుడప్పుడూ దుమ్ము దులుపుతాడు. నా గుండా వెళ్లిన మాటల్లో చాలామటుకు మరిచిపోయాను. ఆ తల్లి ఎందుకు ఊరుకుందో మాత్రం ఎంత తలబద్దలు కొట్టుకున్నా అంతుపట్టలేదు. నన్ను ఆపేశాక ఒక మనిషి నాతో మాట్లాడింది కూడా ఆ ఒక్కసారే. నేనూ ఏమీ అనలేదు.