తడి ఆరిన పలకలు

ఆవిడ ఉద్యోగం విరగ్గొట్టడం. విరిగిన ఎముక అతుక్కునేదాకా పట్టి ఉంచి, ఆ తర్వాత ఒంట్లోనే కరిగిపోయే పలకలు కొత్తగా తయారవుతున్నాయి. వాటిని యంత్రానికి బిగించి, ఎంత బరువుకు విరుగుతాయో చూడాలి. అందుకే మేనకోడలు ఆవిణ్ణి "ఫట్ అత్త" అని పిలుస్తుంది.

ఇప్పుడు ఆవిడ ఆత్రమంతా ఆ మేనకోడలి కోసమే. పిల్ల ముంజేయి విరిగి, వంకరగా అతుక్కుంది. మళ్ళీ కోసి, సరిచేసి పలక వేయాలన్నాడు డాక్టరు. ఉక్కు పలకైతే తీయడానికి ఇంకో కోత తప్పదు. కరిగేదైతే ఒక్క కోతతో సరి. అయితే అది పరీక్షలో నెగ్గాలి. పిల్ల చూస్తే సూది పేరెత్తితేనే ఇల్లు పీకి పందిరేసే రకం.

పలకలు ఒంటివేడి ఉన్న ఉప్పునీళ్ళ తొట్టిలో వారాల తరబడి నానుతాయి. ఒక్కొక్కటే తీసి, తడి ఆరకముందే విరవాలి. ఆ రోజు చేతుల్లో జారిపోతున్నాయని ఆవిడ దాదాపు అన్నిటినీ ఒకేసారి తీసి, గుడ్డతో తుడిచి, బల్లమీద వరసగా పేర్చింది. మొదటిది విరిచిందో లేదో, అన్న దగ్గర్నుంచి ఫోను.

"ఏమైందే? గట్టిగానే ఉన్నాయా?"

"ఇప్పుడేగా మొదలెట్టాను అన్నయ్యా. కాస్త ఊపిరి తీసుకోనీ."

"నువ్వు తీసుకో, నాకే ఆడట్లేదు. నీ మేనకోడలు పొద్దున్నుంచి ఒకటే నస, ఒక కోతా రెండా అని."

అన్నాచెల్లెళ్ళ మాటలు ఒక పట్టాన తెగుతాయా? ఫోను పెట్టేసి మిగతావి విరిచింది. సగటు మీద పలకలు నెగ్గాయి. ప్రయోగశాల పెద్దసారు శభాష్ అన్నాడు.

ఆవిడ మాత్రం అంకెలకేసి చూస్తూ ఉండిపోయింది. మొదటిది ఇట్టే విరిగింది. తర్వాతది కాస్త మొండికేసింది. చివరిది అన్నిటికన్నా గట్టిది. అన్నీ ఒకే అచ్చులో పోసినవే. బల్లమీద ఆరినకొద్దీ గట్టిపడ్డాయన్నమాట. ఒంట్లో ఏ పలకా ఆరదు.

తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఊరుకుందామనే అనుకుంది కూడా, పాపం. మనిషన్నాక ఆశ ఉండదా? కానీ చెయ్యి ఊరుకోలేదు. తొట్టిలో మిగిలిన పలకను తీసి, తడితోనే బిగించింది. ఫట్‌మంది. బడిసంచీ ఎత్తినంత బరువుకే.

"సార్, పొరపాటు నాదే. ఆరినవాటిని విరిచాను. తడివి నిలబడవు."

పెద్దసారు ముఖంలో నవ్వు ఆగిపోయింది. "మరి నీ మేనకోడలి సంగతి?"

"దాని సంగతే చెప్తున్నాను సార్."

సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పేసరికి అన్న అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "చూసీచూడనట్టు పోతే నీ సొమ్మేం పోయేది?"

ఆవిడ కళ్ళనీళ్ళు తుడుచుకుంది. విరిగిన ముక్కలు సంచీలోంచి తీసి పిల్ల చేతిలో పెట్టింది.

"ఇది నా చేతిలో ఉంటే?"

"నువ్వు బడిసంచీ ఎత్తగానే విరిగేది తల్లీ."

"అయితే రెండు కోతలా?"

"రెండమ్మా."

పిల్ల ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి అత్త ఒళ్ళోనే నిద్రపోయింది. అన్న ఆ ముక్కలు తీసుకుని అంచుకు అంచు చేర్చి చూశాడు. చాలాసేపు చూశాడు.

"రెండుసార్లూ సెలవు పెట్టుకో," అన్నాడు తలెత్తకుండా. "నువ్వు పక్కన లేకపోతే అది ఆపరేషను బల్ల ఎక్కదు."