ఆడీలైన్ అంచు నొక్కితే

ఊరి హాలు తలుపుకు ఆరోగ్య సదస్సు కాగితం అంటించిన రోజునుంచీ వెర్నా హ్నాటియుక్‌కు రెండు అనుమానాలు. ఒకటి, ప్రవేశం ఉచితం అని రాసి ఉండటం. రెండోది, ఆ మాట కింద రెండుసార్లు గీత గీసి ఉండటం. అయినా వెళ్లింది. తను వెళ్లకపోతే ఆడీలైన్ వదిన ఒక్కతే వెళ్తుంది, ఒక్కతే వింటుంది, విన్నదాన్ని వారం తిరక్కుండా ఊరందరి చేతా చేయిస్తుంది.

ఆడీలైన్ అంటే వెర్నా భర్తకు అక్క. మనిషి బంగారం. కాకపోతే తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నాలుగోది చూపిస్తే, అది పక్కింటి కుందేలుది అంటుంది. కిందటేడు చలికాలం ముందు ఇదే హాలు వంటింట్లో ఉడికిన బంగాళాదుంపల నీళ్లు వారుస్తూ కళ్లు తిరిగి పడిపోయింది. బీపీ నెత్తికెక్కి కూర్చుందని చెప్పి ఆసుపత్రిలో రోజుకో బిళ్ల రాసిచ్చారు. అప్పటినుంచీ బాగానే ఉంది. బాగా ఉంది కాబట్టే ఆవిడకి ఆ బిళ్లంటే చులకన.

సదస్సు గురువారం మధ్యాహ్నం పెట్టారు. మర్నాడు హాల్లో పెరోగీల భోజనం కనుక, ఆ పూట ఆడవాళ్లంతా ఎలాగూ అక్కడే ఉంటారు. పెరోగీ చూపుకు అచ్చం కజ్జికాయే. లోపల కొబ్బరికి బదులు బంగాళాదుంప, చీజ్ పెడతారు. నూనెలో వేయించరు, మరిగే నీళ్లలో వేస్తారు. అంచు సరిగా నొక్కకపోతే నీళ్లలో విచ్చుకుని, చేసినావిడ పరువు పైకి తేలుతుంది. ఆడీలైన్ నొక్కిన పెరోగీ ఇంతవరకూ విచ్చుకోలేదు. ఆ సంగతి ఆవిడే చెబుతుంది, ఎవరూ అడగకపోయినా.

వంటింటి పెత్తనం జీన్‌ది. ఆవిడ పిండి కలిపి, తడిగుడ్డ కప్పి, ఏప్రన్ విప్పకుండానే వచ్చి వెనక వరసలో కూర్చుంది. పక్కన నెస్టర్. పెద్దాయన. చావుకైనా సదస్సుకైనా, తిండి ఉంటుందంటే ముందే వచ్చి కాఫీ పాత్ర దగ్గర కుర్చీ చూసుకుంటాడు.

వచ్చిన వక్త పేరు డార్సీ. కాల్గరీ పట్నం మనిషి. పాలమీగడలాంటి గొంతు, ఎదుటివాళ్ల చేతులు తన చేతుల్లోకి తీసుకుని మాట్లాడే అలవాటు. ఆడీలైన్ చేయి తీసుకుని "మీ చేతులు ఎంత కష్టపడ్డాయో తెలుస్తోందండీ" అన్నప్పుడే, వదిన సగం కరిగిపోవడం వెర్నా చూసింది.

"శరీరం అబద్ధం చెప్పదండీ," అన్నాడు డార్సీ. "మనమే దాని మాట వినం."

"నా మోకాలు పొద్దున్నుంచీ మాట్లాడుతూనే ఉంది బాబూ," అన్నాడు నెస్టర్. "వినలేక చస్తున్నా."

అందరూ నవ్వారు. డార్సీ కూడా నవ్వాడు. మంచివాడే, అనుకుంది వెర్నా. అదే చిక్కు. దొంగయితే పని తేలికయ్యేది.

ఆ తర్వాత అసలు విద్య మొదలైంది. ఎవరైనా ఒక చేత్తో ఒక వస్తువు పట్టుకుని, రెండో చేయి ముందుకు చాపాలి. ఆయన ఆ చేతిని కిందికి నొక్కుతాడు. చేయి నిలబడితే ఆ వస్తువు ఒంటికి పడుతుందన్నట్టు. వాలిపోతే పడదన్నట్టు. ముందుకు ఎవరు వెళ్లి ఉంటారో చెప్పక్కర్లేదు.

ఆడీలైన్ సంచిలోంచి బీపీ బిళ్లల సీసా తీసి ఎడమచేత పట్టుకుంది. డార్సీ నొక్కాడు. కుడిచేయి చప్పున వాలింది. తర్వాత ఆయన తను అమ్మే ఆకుపచ్చ క్యాప్సూల్ ఇచ్చాడు. ఏవో ఏడు రకాల మైదానపు మొక్కల వేళ్ల పొడి అట. మళ్లీ నొక్కాడు. చేయి దూలంలా నిలబడింది. హాలంతా చప్పట్లు.

వెర్నా చప్పట్లు కొడుతూనే ఆయన వేళ్ల వంక చూసింది. బిళ్లప్పుడు మణికట్టు దగ్గర నొక్కాడు. క్యాప్సూల్‌కి వచ్చేసరికి మోచేతి దగ్గర. భుజానికి ఎంత దూరంగా నొక్కితే చేయి అంత తేలిగ్గా వాలుతుంది. కాలేజీలో చదివిన భౌతికశాస్త్రం పెళ్లయ్యాక సీసా మూతలు తీయడానికి తప్ప పనికిరాలేదు, ఇన్నాళ్లకి ఇంకో పని తగిలింది. పైగా ఒకసారి "వదిలేయండి" అన్నట్టు, ఇంకోసారి "గట్టిగా ఆపండి" అన్నట్టు నొక్కుతున్నాడు. ఆ తేడా ఆయనకే తెలియడం లేదని ఆ మొహం చూస్తే తెలుస్తోంది.

ఆడీలైన్ వెలిగిపోతూ వచ్చి పక్కన కూర్చుంది.

"చూశావా వెర్నా? నా ఒళ్లే వద్దంటోంది."

"నీ ఒళ్లు ఎప్పుడు దేనికి ఒప్పుకుంది గనక వదినా."

"ఎగతాళి చెయ్యి. పొద్దున నేను బిళ్ల వేసుకోలేదు తెలుసా? ఏదో వద్దనిపించింది. ఇప్పుడు రుజువైంది. రేపటినుంచీ సీసా ముట్టను."

వెర్నాకు నవ్వు ఆగిపోయింది. ఆ రోజు వంటింటి నేల మీద, ఆవిరి మధ్యలో, వదిన మొహం పిండి రంగులోకి మారిపోవడం కళ్లకు కట్టింది. ఇప్పుడు 'మానకు' అంటే మానేస్తుంది. మణికట్టు, మోచేయి అని చెబితే, 'నీ చదువు నీ దగ్గరే ఉంచుకో' అంటుంది. ఈవిడకు ఇంకొకరు చెప్పింది ఎక్కదు. తన చేత్తో చేసింది ఒక్కటే ఎక్కుతుంది.

తన చేత్తో చేసింది. వెర్నా వంటింటి తలుపు వైపు చూసింది. ప్రశ్నలు ఉన్నాయా అని డార్సీ అడగగానే చెయ్యెత్తింది.

"చేతిలో ఏముందో కళ్లకు కనపడకపోయినా ఒంటికి తెలుస్తుందాండీ?"

"భేషుగ్గా తెలుస్తుందమ్మా! ఒంటికి కళ్లతో పనేముంది?"

"మీకు కూడా కనపడకపోతే?"

"నాతో మాత్రం ఏం పని? నేను వట్టి నొక్కేవాణ్ణి."

"అయితే పెరోగీలో పెట్టి చూద్దామా?" అంది వెర్నా. "పిండి ఎలాగూ సిద్ధంగా ఉంది. జీన్ చేసిపెడుతుంది."

జీన్ లేవబోయింది. ఆడీలైన్ అంతకంటే ముందే లేచింది.

"జీన్ చేస్తుందా? ఆవిడ పెరోగీలు నీళ్లను చూస్తేనే నోరు తెరుస్తాయి. నేను చేస్తా."

"నోరు తెరిచేది ఎవరో ఊరికి తెలుసులే," అంది జీన్, మళ్లీ కూర్చుంటూ.

వంటింట్లో వెర్నా ఒక్కో పిండిబిళ్ల మీద బంగాళాదుంప ముద్ద పెట్టి, మధ్యలో ఒకదాంట్లో వదిన సీసాలోని తెల్ల బిళ్ల, ఒకదాంట్లో డార్సీ ఇచ్చిన ఆకుపచ్చ క్యాప్సూల్ దాచింది. ఒకదాంట్లో ఏమీ పెట్టలేదు. అలా రెండేసి.

"వట్టివెందుకే?" అంది ఆడీలైన్.

"తోడుకి వదినా. ఇంత హాల్లో రెండు రకాలే ఉంటే బోసిగా ఉండదూ?"

ఆడీలైన్ అంచులు నొక్కింది. ఆ వేళ్లు కదులుతుంటే పరాచికాలన్నీ ఆగిపోయాయి. కుట్టుమిషన్ కూడా అంత వరసగా కుట్టదు. ఆరూ ఒక్క తల్లి బిడ్డల్లా ఉన్నాయి. పళ్లెం మీద గుడ్డ కప్పి, నెస్టర్‌ని పిలిచి, టోపీ కళ్లమీదికి లాగి కలిపేయమన్నారు.

"తినేవి కావుగదా?" అన్నాడాయన దిగులుగా.

"కావు," అంది ఆడీలైన్ హాలంతటికీ వినపడేలా. "అందరూ చూసుకోండి. నేను నొక్కిన అంచు. ఎవరికైనా అనుమానం ఉందా?"

ఎవరికీ లేదు. ఉన్నా అనేవాళ్లు లేరు.

మొదటి పెరోగీ ఎడమ అరచేతిలో పెట్టుకుని ఆడీలైన్ కుడిచేయి చాపింది. డార్సీ నొక్కాడు. చేయి ఇనుములా నిలబడింది.

"ఇది మన వేళ్ల పొడే," అన్నాడు మురిసిపోతూ.

జీన్ చాకుతో కోసింది. తెల్ల బిళ్ల.

ఎవరో దగ్గారు. రెండోది పెట్టారు. చేయి వాలిపోయింది.

"ఇదీ ఆ బిళ్ల! చూశారా?"

కోస్తే ఆకుపచ్చ క్యాప్సూల్.

డార్సీ నుదురు తుడుచుకుని మూడోది తనే ఎంచి ఇచ్చాడు. ఈసారి చేయి వాలడం కాదు, తాడు తెగిన బొక్కెనలా దబ్బున కిందికి పోయింది.

"అమ్మా, ఇదేమిటో గానీ మీ ఒంటికి విషం," అన్నాడు. ఆ గొంతులో నిజమైన బెంగ ఉంది. "ఈ రోజే మానెయ్యండి. ఇంట్లో ఎవర్నీ ముట్టనివ్వకండి."

జీన్ కోసింది. అటు చూసింది, ఇటు చూసింది, లోపల వేలు పెట్టి కెలికింది. బంగాళాదుంప. చీజ్. అంతే.

పుట్టిన బిడ్డ నోట్లో మొదట బంగాళాదుంపే పెట్టి పెంచిన ఊరు అది. ముందుగా తేరుకున్నది నెస్టర్.

"అయ్యా డాక్టరుగారూ, నాకు ఎనభై రెండేళ్లు. పుట్టినప్పట్నుంచీ అదే విషం తింటున్నా. ఇంకెన్నాళ్లంటారు?"

హాలు గొల్లుమంది. జీన్ మాత్రం నవ్వలేదు. చాకు పట్టుకునే నిలబడి, "ఆ చీజ్ నేను కలిపిందే బాబూ," అంది.

"నేను డాక్టర్ని కాదండీ," అన్నాడు డార్సీ చిన్నగా. మిగతా మూడూ కూడా నొక్కి చూశాడు. ఒకటి సరిగ్గా చెప్పాడు. కళ్లమీద టోపీతో నెస్టర్‌ని చెప్పమన్నా ఒకటి తగిలేది. తర్వాత తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు, అది ఎవరిదో అన్నట్టు. "కావాలని చేయలేదండీ. నిజంగా అలాగే తెలుస్తుందనుకున్నాను. ఇలా మూసిపెట్టి ఎవరూ అడగలేదు."

ఇప్పుడందరి కళ్లూ ఆడీలైన్ మీద. 'చేయి నొప్పెట్టింది' అంటే అంతటితో సరి. 'పెరోగీలోంచి ఒంటికి తెలియదు' అన్నా అంతే. అన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

ఆడీలైన్ కోసిన పెరోగీ చేతిలోకి తీసుకుంది. అంచు పొడుగునా వేలితో తడిమి చూసింది. ఎక్కడా విడిపోలేదు. విడిపోదని ఆవిడకు తెలుసు.

"నేను చేసినదాంట్లో తప్పుండదు," అంది చివరికి. "కాబట్టి తప్పు ఇంకెక్కడో ఉంది." డార్సీ వైపు తిరిగింది. "నీ నొక్కుడులో ఉంది నాయనా. నొక్కడం అంటే నన్నడుగు, చెబుతా."

వెర్నా గట్టిగా దగ్గింది. అలా దగ్గకపోతే నవ్వు బయటపడేది.

జీన్ మనసు కరిగిందో, వంటింటి పరువు నిలబెట్టుకోవాలనుకుందో, నిన్న ఉడికించి దాచిన పెరోగీలు వెన్నలో ఉల్లిపాయలతో వేడిచేసి, పైన పుల్లమీగడ వేసి పళ్లెం తెచ్చి డార్సీ చేతికిచ్చింది. ఆయన మొదటి ముక్క మొహమాటంగా తిన్నాడు, తర్వాతవి మామూలుగా. క్యాప్సూళ్ల పెట్టె తెరవకుండానే మళ్లీ కారులోకి వెళ్లింది. నెస్టర్ పక్కన చేరి చేయి చాపాడు.

"కాస్త నొక్కి చెప్పు బాబూ, నాకు ఇంకో పళ్లెం పడుతుందా?"

"నొక్కక్కర్లేదు తాతా," అన్నాడు డార్సీ నిండు నోటితో. "పడుతుంది."

కుర్చీలు మడుస్తూ వెర్నా ఓరకంట చూసింది. ఆడీలైన్ కాఫీ పాత్ర దగ్గర నిలబడి, మొదటి పెరోగీలోంచి తీసిన తెల్ల బిళ్లకు అంటిన బంగాళాదుంపను గోటితో గీకుతోంది. ఏప్రన్‌కి తుడిచి, నోట్లో వేసుకుని, కాఫీతో మింగింది. చూస్తున్నారని తెలిసి మొహం ముడిచింది.

"ఏమిటా చూపు? పారేయలేక వేసుకున్నా. నీ మాట విని కాదు."

"నేనేమన్నాను వదినా? నోరు విప్పానా?"

"విప్పకుండానే చాలా అంటావు నువ్వు." ఆడీలైన్ రెండో బిళ్ల కూడా వెతికి తీసి, పేపర్ రుమాలులో చుట్టి సంచిలో సీసా పక్కన పెట్టుకుంది. "ఇది రేపటికి. దీన్ని మాత్రం ఎందుకు పారేయాలి?"

"మరి సీసాలో మిగిలినవి?"

ఆడీలైన్ సంచి జిప్పు లాగి, వెర్నాను పైనుంచి కిందిదాకా చూసింది.

"అవి మాత్రం ఊరికే వచ్చాయా?" అంది. "పద, పిండి ఎండిపోతోంది. ఇవాళ అంచులు నువ్వు నొక్కకు. రేపు భోజనానికి నలుగురూ వస్తారు."